మనం పని నేర్చుకుంటే ఖర్చు ఎవరిది?

1994 జులైలో రువాండా నుంచి లక్షలాది మంది సరిహద్దు దాటి, అప్పటి జైర్‌లోని (ఇప్పటి కాంగో) గోమా పట్టణం చుట్టుపక్కలకు చేరారు. అక్కడి నేలంతా లావా రాయి. మరుగుదొడ్ల కోసం గోతులు తవ్వాలన్నా గడ్డపార దిగదు. కొద్ది రోజుల్లోనే కలరా మొదలైంది, దాని వెనకే రక్తవిరేచనాలు. మొదటి నెలలో దాదాపు 50,000 మంది చనిపోయారు. సహాయం అందకపోవడం వల్లే ఇలా జరిగిందని అనుకుంటాం. కానీ సహాయం వెళ్ళింది. ఎన్నో సంస్థలు వెళ్ళాయి, మందులు వెళ్ళాయి, సెలైన్ వెళ్ళింది. అయినా చికిత్సా కేంద్రం దాకా చేరుకున్నవాళ్ళు కూడా చాలామంది చనిపోయారు. సరిగా నడిచే కేంద్రంలో కలరా రోగుల్లో నూటికి ఒక్కరు కూడా చనిపోకూడదు. ఢాకాలోని అతిసార వ్యాధుల పరిశోధనా కేంద్రం నుంచి గోమాకు వెళ్ళిన వైద్యబృందం 1995లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో దీనికి కారణాలు రాసింది. ద్రవాలు ఎక్కించిన వేగం చాలలేదు. ఓఆర్‌ఎస్‌ను వాడాల్సినంత వాడలేదు. ఎక్కించిన సెలైన్ కూడా కలరాకు తగిన రకం కాదు. వైద్యం చేస్తున్నవాళ్ళకు తీవ్రమైన కలరాతో అనుభవం లేదు.

మానవతా సహాయ రంగంలోకి ఫెలోషిప్ ద్వారా, అంటే ఒక సంస్థలో కొంతకాలం పనిచేస్తూ నేర్చుకునే అవకాశంతో రావాలనుకునేవాళ్ళు ఆ చివరి వాక్యం దగ్గర కాసేపు ఆగాలని నా కోరిక. అనుభవం లేనివాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. ఎవరూ రాని చోటికి వచ్చినవాళ్ళు, నిద్ర లేకుండా పనిచేసినవాళ్ళు. కానీ వాళ్ళు పని నేర్చుకునేలోపు జరిగిన నష్టాన్ని భరించింది రోగులు.

నేను కూడా ఫెలోషిప్ ద్వారానే ఈ రంగంలోకి వచ్చాను. కొన్నేళ్ళుగా దరఖాస్తులు చదివే కమిటీల్లోనూ కూర్చుంటున్నాను. అందుకని చాలామంది నన్ను అడుగుతుంటారు: ఏ ఫెలోషిప్ మంచిది, దేనితో ఐక్యరాజ్యసమితి దాకా వెళ్ళొచ్చు, ఏ దేశంలో వేస్తే సీవీ బాగుంటుంది అని. అడగడంలో తప్పు లేదు, బతుకుతెరువు అందరికీ కావాలి. అయితే వీటన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. నేను పని నేర్చుకుంటున్నన్నాళ్ళూ నా వల్ల జరిగే ఆలస్యం, పొరపాటు, అయోమయం ఎవరి నెత్తిన పడతాయి? వేరే ఉద్యోగాల్లోనూ కొత్తవాళ్ళు తప్పులు చేస్తారు. అక్కడ సేవ నచ్చని కస్టమర్ ఇంకో కంపెనీకి పోతాడు. శిబిరంలో ఉన్న మనిషికి పోవడానికి ఇంకో చోటు లేదు.

అందుకే ఫెలోషిప్‌ను నేను ఒక అప్పుగా చూస్తాను. దాన్ని ఇచ్చేది సంస్థ కాదు, ఆ సంస్థకు నిధులిచ్చే డోనార్ కూడా కాదు. మన మీద నమ్మకం ఉందో లేదో ఎవరూ అడగకుండానే, శిబిరంలోని మనుషులు తమ టైమునీ ఓపికనీ మనకు అప్పుగా ఇస్తున్నారు. ఆ అప్పు వాళ్ళకు భారం కాకుండా చూడడమే మంచి ఫెలోషిప్ చేయాల్సిన పని. అంటే కొత్తగా వచ్చిన మనిషికి చిన్నదే అయినా నిజమైన బాధ్యత ఉండాలి. పక్కన అనుభవం ఉన్న మనిషి ఉండాలి. బతకడానికి సరిపడా స్టైపెండ్ ఉండాలి. ఆ చోటు అర్థమయ్యేంత కాలం అక్కడ ఉండనివ్వాలి. ఈ నాలుగూ లేనిది ఎంత పెద్ద పేరున్న సంస్థ నడిపినా నేను వద్దనే చెప్తాను.

ముందు డబ్బు సంగతి మాట్లాడతాను, ఎందుకంటే సేవారంగంలో డబ్బు గురించి మాట్లాడడానికి అందరూ మొహమాటపడతారు. 2015 వేసవిలో జెనీవాలో ఐక్యరాజ్యసమితి ఇంటర్న్ ఒకరు అద్దె కట్టలేక సరస్సు దగ్గర గుడారంలో ఉంటున్నారన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఊళ్ళలో ఒకటైన చోట, నెలల తరబడి జీతం లేకుండా పనిచేయమంటే ఎవరు చేయగలరు? ఇంటి నుంచి డబ్బు వచ్చేవాళ్ళు. ఆ తర్వాత యూనిసెఫ్, డబ్ల్యూహెచ్‌ఓ లాంటివి ఇంటర్న్‌లకు స్టైపెండ్ ఇవ్వడం మొదలుపెట్టాయి. ఇది చిన్న మార్పు కాదు. జీతం లేని ప్రవేశద్వారం వడపోసేది ప్రతిభను కాదు, కుటుంబ ఆస్తిని. రేషన్ కోసం క్యూలో నిలబడిన కుటుంబంలో పెరిగినవాళ్ళు, వరదలో ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళు, శరణార్థులుగా బతికినవాళ్ళు ఆ ద్వారం దాటి లోపలికి రాలేరు. క్యూకి అవతలి వైపు నిలబడితే ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు నిర్ణయాలు తీసుకునే గదిలో లేకుండా పోతారు. ఆ నష్టం అభ్యర్థికి మాత్రమే కాదు, సహాయం అందుకునేవాళ్ళకి కూడా.

డబ్బిచ్చే దారుల్లో అన్నిటికన్నా పేరున్నది ఐక్యరాజ్యసమితి జూనియర్ ప్రొఫెషనల్ ఆఫీసర్ పథకం, అందరూ జేపీఓ అంటారు. 1961 నుంచి నడుస్తోంది. రెండేళ్ళ పాటు జీతం, శిక్షణ, నిజమైన పోస్టు ఉంటాయి. సాధారణంగా వయసు 32 దాటకూడదు, పైచదువు, కొంత అనుభవం కావాలి. చిక్కు ఎక్కడంటే, ఆ జీతం ఇచ్చేది ఆయా దేశాల ప్రభుత్వాలు. ఎక్కువగా తమ పౌరులకే ఇస్తాయి. నెదర్లాండ్స్, ఇటలీ లాంటి కొన్ని దేశాలు మాత్రం పేద దేశాల అభ్యర్థులకు కూడా కొన్ని పోస్టులకు డబ్బు కడుతూ వచ్చాయి. పాస్‌పోర్టు రంగును బట్టి తలుపు తెరుచుకునే ఈ పద్ధతి నాకు నచ్చదు, కానీ అర్హత ఉన్నవాళ్ళు వదులుకోవాల్సిన అవకాశం మాత్రం కాదు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం ఇంకో దారి. వాలంటీర్ అన్న పేరే గాని ఖర్చులకు నెలనెలా భత్యం ఇస్తారు, బీమా ఉంటుంది, సొంత దేశంలోనే పనిచేసే జాతీయ వాలంటీర్లనూ తీసుకుంటారు, శరణార్థులకు కూడా విడిగా అవకాశం ఉంది. ఇవి కాక క్యాథలిక్ రిలీఫ్ సర్వీసెస్ లాంటి సంస్థలు దాదాపు ఏడాది పాటు దేశ కార్యాలయాల్లో పనిచేసే ఫెలోషిప్‌లు నడిపాయి. పేర్లు, నిబంధనలు ఏటేటా మారతాయి కాబట్టి వాటి జాబితా ఇవ్వను. ఏది ఎంచుకోవాలన్నది ఎలా తేల్చుకోవాలో చెప్పగలను.

నా ఫెలోషిప్‌లో నన్ను గోదాములో వేశారు. యుద్ధం తప్పించుకుని సరిహద్దు దాటి వచ్చినవాళ్ళ శిబిరానికి తిండిగింజలు, సబ్బులు, దుప్పట్లు పంపే గోదాము. ఫీల్డ్ అంటే మనుషులతో మాట్లాడడం, వాళ్ళ కథలు వినడం అనుకుని వచ్చేవాళ్ళకు స్టాక్ కార్డులు, సరుకు వెంట పంపే వేబిల్లులు, తూకాలు నిరుత్సాహంగా కనిపిస్తాయి. నాకైతే ఈ రంగం ఎలా పనిచేస్తుందో మొత్తం అక్కడే అర్థమైంది.

లెక్క చూడండి. శిబిరంలో 10,000 మంది ఉన్నారనుకుందాం. పూర్తిగా సహాయం మీదే బతికే మనిషికి రోజుకు 2,100 కిలో క్యాలరీలు అందాలన్నది ప్రణాళిక వేసేటప్పుడు పెట్టుకునే లెక్క. అందులో మామూలుగా ధాన్యం వాటా మనిషికి రోజుకు 400 గ్రాములు. పప్పు, నూనె, ఉప్పు వేరు. నెలకు మనిషికి 12 కిలోల ధాన్యం. మొత్తం శిబిరానికి 120 టన్నులు, అంటే 50 కిలోల బస్తాలు 2,400. ఇప్పుడు పంపిణీ దగ్గర కొలపాత్ర సరిగ్గా నింపడం లేదనుకోండి. నూటికి అయిదు పాళ్ళు తక్కువ పడుతోంది. కంటికి ఆనదు, ఎవరికీ అనుమానం రాదు. మనిషికి నెలకు 600 గ్రాములు పోతుంది. అంటే ఒకటిన్నర రోజు తిండి. శిబిరం మొత్తానికి ఆరు టన్నులు. ఆ ఆరు టన్నులు ఎవరూ దొంగిలించనక్కర్లేదు, నెల చివర స్టాకులో ఎక్కువగా తేలుతుంది. ఆ మిగులును చూసి లెక్క తప్పిందని సర్దేయడం తేలిక. కొలపాత్ర దగ్గరకు వెళ్ళి తూకం వేసి చూడాలన్న ఆలోచన రావడానికి ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి అది తన పని అని తెలిసి ఉండాలి.

ఫెలోకి ఇవ్వాల్సింది ఇలాంటి పని. పరిధి చిన్నది, ఫలితం కళ్ళముందే కనిపిస్తుంది, తూకం వేసి చూసే మనిషి ఉంటే తప్పు రెండు మూడు రోజుల్లో బయటపడుతుంది, సరిదిద్దడానికి పైన మనిషి ఉంటారు. గడువు ముందు తీరే సరుకు ముందు బయటికి పోవాలి. బస్తాలు గోడకు ఆనకూడదు, నేలకు తగలకూడదు. ప్రతి వరసకీ దాని కార్డు ఉండాలి, కార్డు మీద అంకె, కంటికి కనిపించే బస్తాల సంఖ్య ఒకటే కావాలి. లారీ డ్రైవర్ సంతకం లేకుండా ఒక్క బస్తా కదలకూడదు. చూడ్డానికి గుమాస్తా పని. కానీ డోనార్ అడిగినా, ఆడిట్ వచ్చినా, శిబిరంలో ఒక ముసలమ్మ వచ్చి నాకు తక్కువ వచ్చిందన్నా జవాబు దొరికేది ఆ కాగితాల్లోనే.

పంపిణీ రోజు ఇంకా ఎక్కువ నేర్పిస్తుంది. జాబితాలో పేరు ఎవరిది రాయాలి, ఇంటి పెద్ద అనగానే మగవాళ్ళ పేరే రాస్తే ఒంటరి ఆడవాళ్ళ సంగతేమిటి? ఒకే ఇంట్లో రెండు కుటుంబాలుంటే? గర్భిణులకు, వృద్ధులకు, వికలాంగులకు వేరే వరస ఎక్కడ పెట్టాలి? ఎండలో నాలుగు గంటలు నిలబెడితే స్పృహ తప్పి పడిపోయేవాళ్ళను ఎవరు చూసుకుంటారు? నీడ, తాగునీళ్ళు, మరుగుదొడ్డి పంపిణీ జరిగే చోట ఉన్నాయా? సరుకు మోసుకుని చీకటి పడ్డాక ఇంటికి పోవాల్సి వస్తే దారిలో ఏం జరగొచ్చు? ఫిర్యాదు చేయాలంటే ఎవరికి చేయాలి, ఆ ఫిర్యాదు పంపిణీ చేసే మనిషి మీదే అయితే? వీటిలో ప్రతి ప్రశ్నకూ గైడ్‌లైన్‌లో ఒక పేరా ఉంటుంది. ఆ పేరా ఎందుకుందో తెలిసేది మాత్రం అక్కడ నిలబడినప్పుడే.

గోమా తర్వాత ఈ రంగం తనను తాను తీవ్రంగా ప్రశ్నించుకుంది. రువాండా సహాయం మీద 1996లో అనేక దేశాలు, సంస్థలు కలిసి పెద్ద సమీక్ష చేశాయి. 1997లో స్పియర్ ప్రాజెక్టు మొదలైంది. సహాయం అందుకునే మనిషికి కనీసం ఏం దక్కాలో అంకెల్లో చెప్పే ప్రమాణాలు దాన్నుంచి వచ్చాయి. మనిషికి రోజుకు 15 లీటర్ల నీళ్ళు. కుళాయి ఇంటికి 500 మీటర్లకు మించి దూరం ఉండకూడదు. 20 మందికి ఒక మరుగుదొడ్డి. తల దాచుకునే చోటు మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్లు. ఇవి బట్టీ పట్టి ఇంటర్వ్యూలో అప్పజెప్పేవాళ్ళను చాలామందిని చూశాను. నేను ఆ తర్వాత ఒక్క ప్రశ్న వేస్తాను: 10,000 మందికి 15 లీటర్ల చొప్పున ఇవ్వాలంటే 10,000 లీటర్ల ట్యాంకర్లు రోజుకు ఎన్ని ట్రిప్పులు తిరగాలి? పదిహేను. ఆ రోడ్డు వానాకాలంలో ఎన్ని ట్రిప్పులు తట్టుకుంటుంది? డీజిల్ ఎక్కడిది? ట్యాంకర్ వచ్చినప్పుడు పట్టుకోవడానికి ఇంట్లో బిందెలున్నాయా? ప్రమాణం నుంచి ట్యాంకర్ దాకా, ట్యాంకర్ నుంచి బిందె దాకా ఆలోచన సాగడమే ఈ వృత్తి. ఫెలోషిప్ దాన్ని నేర్పితే చాలు. జెనీవాలో వర్క్‌షాపులు నేర్పకపోయినా నష్టం లేదు.

ఇప్పుడు నేర్పే మనిషి సంగతి. నాకు పని నేర్పింది స్టోర్ ఇన్‌ఛార్జి. ఆ దేశం మనిషే. నాకన్నా ముందు ఎంతోమంది ఫెలోలకు అదే పని నేర్పి పంపాడు. వాళ్ళలో కొందరు పెద్ద పోస్టుల్లోకి వెళ్ళారు. ఆయన మాత్రం అదే గోదాములో ఉన్నాడు. ఆయన కాంట్రాక్టు కొన్ని నెలలకొకసారి రెన్యూ అయ్యేది, ప్రాజెక్టు డబ్బు ఉంటేనే. 2020 నాటి లెక్కల్లో, సంక్షోభ ప్రాంతాల్లో పనిచేసే ఆరు లక్షల పైచిలుకు మానవతా సిబ్బందిలో పదికి తొమ్మిది మందికి పైగా ఆయా దేశాలవాళ్ళే. ఈ రంగం నడిచేది వాళ్ళ మీద. ఫెలోషిప్‌లూ, ఫాస్ట్‌ట్రాక్ దారులూ ఎక్కువగా బయటి నుంచి వచ్చేవాళ్ళకు. ఇది నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

2016లో ఇస్తాంబుల్‌లో జరిగిన ప్రపంచ మానవతా శిఖరాగ్ర సమావేశంలో డోనార్లకూ సహాయ సంస్థలకూ మధ్య గ్రాండ్ బార్గెయిన్ అనే ఒప్పందం కుదిరింది. 2020 కల్లా మానవతా నిధుల్లో కనీసం 25 శాతం వీలైనంత నేరుగా స్థానిక, జాతీయ సంస్థలకు అందాలన్నది అందులో ఒక లక్ష్యం. గడువు దాటింది, లక్ష్యం నెరవేరలేదు. నిధుల విషయంలో ఇంత తేటగా ఒప్పుకున్న లోటు, మనుషుల విషయంలో మాత్రం ఎవరి నోటా రావడం లేదు. నా అభిప్రాయంలో ఏ సంస్థ అయినా ఒక విదేశీ ఫెలోని తీసుకుంటే, అదే చోట ఒక స్థానిక ఫెలోని కూడా తీసుకోవాలి. స్టైపెండ్ అక్కడి ఖర్చులకు తగ్గట్టు, శిక్షణ సమానంగా, ముగిశాక ఉద్యోగం వచ్చే అవకాశం సమానంగా ఉండాలి. భాష, దారులు, కులాలు, తెగలు, ఎవరికి ఎవరితో పగ ఉందో తెలిసిన మనిషికి లాగ్‌ఫ్రేమ్ (ప్రాజెక్టు లక్ష్యాలు, పనులు, ఫలితాలు రాసుకునే పట్టిక) నేర్పడం కొన్ని వారాల పని. లాగ్‌ఫ్రేమ్ తెలిసిన మనిషికి ఆ ఊరు నేర్పడానికి ఏళ్ళు పడుతుంది.

అందుకని ఫెలోషిప్ ఎంచుకునేటప్పుడు సంస్థ పేరు చూసేముందు సూపర్‌వైజర్ ఎవరో అడగండి. ఆ మనిషి మీతో పాటు అదే ఊళ్ళో ఉంటారా, రాజధానిలో ఉండి వారానికోసారి కాల్‌లో మాట్లాడతారా? ఏడాదిలో ఆ పోస్టులో ఎంతమంది మారారు? నా చేతికి ఇచ్చే పని ఏమిటి, నేను లేకపోతే ఆ పని ఎవరు చేస్తారు? ఈ చివరి ప్రశ్నకు 'ఎవరూ చేయరు, మీ కోసమే కొత్తగా పెట్టాం' అన్న జవాబు వస్తే జాగ్రత్తపడండి. అలాంటి చోట ఫెలో ఒక రిపోర్టు రాస్తారు, ఆ రిపోర్టు ఎవరూ చదవరు, దానికోసం శిబిరంలో వందలాది ఇళ్ళ తలుపులు తట్టి సర్వే చేస్తారు. అప్పటికే పది సంస్థలు పదిసార్లు అడిగిన ప్రశ్నలే పదకొండోసారి అడుగుతారు. ఈ సర్వేల అలసట గురించి శిబిరాల్లో ఎవరిని అడిగినా చెప్తారు. ఫెలో సీవీలో ఒక లైను కోసం ఒక తల్లి తన మధ్యాహ్నమంతా ఇవ్వాల్సిన అవసరం లేదు.

ఎంతకాలం అన్న విషయంలో నేను మొండిగా ఉంటాను. మూడు నెలల ఫెలోషిప్ అంటే మొదటి నెల వీసా, సెక్యూరిటీ బ్రీఫింగులు, పరిచయాలు. చివరి నెల తర్వాతి ఉద్యోగం వెతుక్కోవడం. మధ్యలో మిగిలేది ఒక నెల. ఏడాదికి తక్కువైతే ఒక పంట కాలం, ఒక వానాకాలం, ఒక బడ్జెట్ చక్రం పూర్తిగా చూడలేరు.

దీనికి ఎదురు వాదన ఒకటి తరచూ వింటాను. అవసరం ఇంత తీవ్రంగా ఉన్నప్పుడు ఎన్ని చేతులొస్తే అంత మంచిది కదా, ఇన్ని షరతులు పెడితే ఎవరొస్తారు అని. ఆ వాదనలో ఉన్న ఆరాటాన్ని గౌరవిస్తాను. కానీ హైతీని గుర్తుచేసుకోండి. 2010 జనవరి భూకంపం తర్వాత దేశమంతా సహాయ సంస్థలతో నిండిపోయింది. అదే ఏడాది అక్టోబరులో అక్కడ కలరా పుట్టింది. ఐక్యరాజ్యసమితి శాంతిదళాల శిబిరం నుంచి మురుగు నదిలో కలవడం దానికి మూలం. దాదాపు 10,000 మంది చనిపోయారు. 2016 డిసెంబరులో అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ హైతీ ప్రజలకు క్షమాపణ చెప్పారు. ఆ శాంతిదళాలవాళ్ళు ఫెలోలు కాదు, సహాయ కార్యకర్తలూ కాదు. కానీ బయటి నుంచి మేలు చేయడానికి వచ్చే ప్రతి మనిషీ తనతో పాటు ఒక బరువు కూడా మోసుకొస్తారన్నది అక్కడ తేలింది. వచ్చిన మనిషికి నీళ్ళు కావాలి, గది కావాలి, కారులో సీటు కావాలి, భద్రత కావాలి, అనువాదకుడు కావాలి. అవన్నీ ఇంకెవరికో దక్కాల్సినవే. మన వల్ల అంతకు మించిన ఉపయోగం ఉందని చూపించగలిగితేనే మనం అక్కడ ఉండాలి.

ఇక ఉద్యోగాల పరిస్థితి. దీన్ని దాచి ఎవరినీ ఈ రంగంలోకి రమ్మనలేను. 2025 జనవరి 20న అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని 90 రోజులు నిలిపేసింది. జులై 1 నాటికి ఆ దేశపు సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ తన పథకాలను నడపడం ఆగిపోయింది. ప్రపంచంలోకెల్లా పెద్ద డోనార్ ఒక్కసారిగా చేయి వెనక్కి తీసుకుంటే ఏమవుతుందో అంతే అయింది. ఐక్యరాజ్యసమితి మానవతా వ్యవహారాల సమన్వయ కార్యాలయం సిబ్బందిని అయిదో వంతు తగ్గిస్తామని ప్రకటించింది. జూన్‌లో, ఆ ఏడాది సహాయానికి కావాలని అడిగిన 4,400 కోట్ల డాలర్ల విజ్ఞప్తిని 2,900 కోట్లకు కుదించి, ప్రాణం మీదకొచ్చిన అవసరాలకే పరిమితం చేశారు. పదిహేనేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. కొత్తవాళ్ళు పోటీ పడాల్సింది వాళ్ళతోనే.

అయినా రావద్దని చెప్పను. ఎలా రావాలన్నది మాత్రం మారింది. 'మానవతా సహాయం' అన్నదే మీ వృత్తి అనుకుని వస్తే ఒక డోనార్ నిర్ణయంతో వీధిన పడతారు. చేతిలో ఒక పని పట్టుకుని రండి. నర్సింగ్, నీటి ఇంజనీరింగ్, అకౌంట్స్, కొనుగోళ్ళు, గోదాము నిర్వహణ, డేటా, పోషకాహారం, చట్టం. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల జబ్బ చుట్టుకొలత టేపుతో కొలిచి, 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే తీవ్ర పోషకాహార లోపం అని గుర్తించడం ఒక రోజులో నేర్చుకోవచ్చు. ఆ బిడ్డను ఎక్కడికి పంపాలి, ఏ మోతాదులో ఏమివ్వాలి, వారం తర్వాత బరువు పెరగకపోతే ఏం చేయాలి అన్నదానికి చదువు కావాలి, అభ్యాసం కావాలి. ఆ చదువు ఈ రంగం లేకపోయినా మీకు అన్నం పెడుతుంది. అలా నిలబడగలిగిన మనిషే నచ్చని పనికి వద్దని చెప్పగలరు కూడా. అన్యాయంగా జరుగుతున్న పంపిణీని చూసి నోరెత్తాలంటే, ఈ ఉద్యోగం పోయినా బతకగలనన్న ధీమా కొంతైనా ఉండాలి.

డబ్బు పెట్టకుండా ముందే నేర్చుకోగలిగేది చాలా ఉంది. కాయా, డిజాస్టర్‌రెడీ అనే వేదికల్లో కోర్సులు ఉచితం. స్పియర్ హ్యాండ్‌బుక్ ఆన్‌లైన్‌లో ఎవరైనా చదవొచ్చు. ఐక్యరాజ్యసమితి భద్రతా కోర్సు బీసేఫ్ కూడా ఉచితమే. కోబో టూల్‌బాక్స్‌లో ఒక సర్వే ఫారం తయారుచేయడం, ఎక్సెల్‌లో జాబితాలోని డూప్లికేట్ పేర్లు పట్టుకోవడం వచ్చుంటే మొదటి వారం నుంచే పనికొస్తారు. 1996 నుంచి నడుస్తున్న రిలీఫ్‌వెబ్ అనే వెబ్‌సైట్‌లో ఉద్యోగ ప్రకటనలే కాకుండా సిట్‌రెప్‌లు (సంక్షోభం పరిస్థితి మీద ఎప్పటికప్పుడు వచ్చే నివేదికలు) కూడా చదవండి. ఒకే సంక్షోభం మీద ఆరు నెలల సిట్‌రెప్‌లు వరసగా చదివితే, ఏ అంకె ఎక్కడినుంచి వచ్చిందో, ఏది అంచనాయో, ఏది లెక్కో తేడా తెలుస్తుంది. భాష విషయంలో ఫ్రెంచ్ గానీ అరబిక్ గానీ కొద్దిగా వచ్చినా చాలా తలుపులు తెరుచుకుంటాయి.

దరఖాస్తుల్లో నేను ఏం చూస్తానో చెప్తాను. చిన్నప్పటి నుంచీ సేవ చేయాలనుంది అని రాసినవాళ్ళను నేను నమ్ముతాను, అది మంచి మాటే. కానీ ఆ మాట మీద ఎంపిక చేయలేను. ఒకమ్మాయి తన దరఖాస్తులో వరద సహాయానికి జాబితా ఎలా తయారుచేసిందో రాసింది. మొదటి జాబితాలో అద్దెకుంటున్నవాళ్ళు లేరని గమనించి, ఇంటి యజమానులనే అడిగితే ఇలా అవుతుందని, రెండోసారి ప్రతి వంటపొయ్యికీ ఒక కుటుంబం అని లెక్కపెట్టించింది. ఫొటోలు జతచేయలేదు. ఆ ఒక్క పేరాతో ఆమె ఎంపికైపోయింది. ఏడుస్తున్న పిల్లాణ్ణి ఎత్తుకుని దిగిన ఫొటో జతచేసేవాళ్ళూ ఉంటారు. రెడ్‌క్రాస్, ఎన్జీవోలు కలిసి 1994లో రాసుకున్న ప్రవర్తనా నియమావళి పదో సూత్రం విపత్తు బాధితులను నిస్సహాయ వస్తువుల్లా కాకుండా గౌరవం గల మనుషులుగా చూపించమంటుంది. ఆ సూత్రం ప్రచార పోస్టర్లకే కాదు, మన సీవీలకూ వర్తిస్తుంది.

ప్రమాదం గురించి కూడా స్పష్టంగా మాట్లాడాలి. 2003 ఆగస్టు 19న బాగ్దాద్‌లో ఐక్యరాజ్యసమితి కార్యాలయం ఉన్న కెనాల్ హోటల్ మీద జరిగిన బాంబు దాడిలో, ఇరాక్‌లో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి సెర్జియో వియెరా డి మెల్లోతో సహా 22 మంది చనిపోయారు. అందుకే ఆ తేదీ ప్రపంచ మానవతా దినోత్సవం అయింది. 2024లో విధి నిర్వహణలో 383 మంది సహాయ కార్యకర్తలు చంపబడ్డారు, దాదాపు సగం గాజాలో. చనిపోయినవాళ్ళలో అత్యధికులు స్థానిక సిబ్బంది. ఫెలోషిప్ ఒప్పందం సంతకం పెట్టేముందు బీమా ఎవరు కడతారు, ఖాళీ చేయాల్సి వస్తే కారులో నాకు సీటుందా, నాతో పనిచేసే స్థానిక ఉద్యోగికి ఉందా, మానసికంగా కుంగిపోతే మాట్లాడడానికి ఎవరున్నారు అని రాతపూర్వకంగా అడగండి. ఇవి అడిగితే అవకాశం పోతుందేమోనని టెన్షన్ పడొద్దు. ఇవి అడిగినందుకు వెనక్కి తగ్గే సంస్థ, రేపు అవసరం పడినప్పుడూ వెనక్కే తగ్గుతుంది.

ఈ ఫెలోషిప్‌లు నడిపేవాళ్ళకు నాదొక విన్నపం ఉంది. ఇప్పుడు ఫెలోషిప్ ముగిసినప్పుడు ఎవాల్యుయేషన్ ఎలా జరుగుతుంది? ఫెలో తన అనుభవం గురించి ఫారం నింపుతారు, సూపర్‌వైజర్ ఫెలో గురించి నింపుతారు. ఎన్ని స్కిల్స్ వచ్చాయి, తర్వాత ఉద్యోగం వచ్చిందా అన్నవి కొలుస్తారు. ఆ ఫారంలో స్టోర్ ఇన్‌ఛార్జి పేరు లేదు, పంపిణీ కమిటీలోని ఆడవాళ్ళ మాట లేదు, ఫిర్యాదుల డెస్కు రికార్డు లేదు. వాళ్ళను అడగండి. ఈ మనిషి వచ్చాక మీ పని తగ్గిందా పెరిగిందా, వెళ్ళేముందు మీకు అర్థమయ్యేలా హ్యాండోవర్ ఇచ్చారా, మళ్ళీ ఇలాంటి ఫెలోని పంపితే మీకు కావాలా అని అడగండి. వద్దు అన్న జవాబు వస్తే ఆ చోట తర్వాతి బ్యాచ్ ఆపండి, ఆ స్టైపెండ్‌తో గోదాములో పనిచేస్తున్న మనిషి కాంట్రాక్టును ఏడాదికి పొడిగించండి.